పండుకోని చూడాల్సిన ఊరు

ఆదివారం పొద్దున పెనం మీద దోసె ఉండగా లాడ్జీ అక్క, అంటే మా సారు తోడబుట్టిన అక్క, ఫోన్ చేసింది. ఆమెకు హలో అనే అలవాటు లేదు.

"పాపా, మీ సారు పైకి పోయినాడు" అంది.

నేను ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని దోసె తిరగేస్తూ, "నాతో ఒక మాటైనా చెప్పలేదే అక్కా. దర్శనం అయిందంటనా? ఎప్పుడు దిగుతాడు?" అని అడిగాను.

అవతలి నుంచి ఏదో వినిపించింది. అది నవ్వో ఏడుపో నాకిప్పటికీ తెలియదు. రెండూ కలిసే వచ్చి ఉంటాయి.

"దిగడు పాపా. ఆ పైకి కాదు" అంది.

బయటి ఊళ్ళవాళ్ళకు ఇది అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. తిరుపతిలో "పైన" అంటే కొండ మీద అని. ఇంకో అర్థం లేదు. "పైన వానంట" అంటాం. "మా ఆయనకు ఈ వారం పైన డ్యూటీ" అంటాం. ఎవరైనా కాలం చేస్తే, వేరే ఊళ్ళలో లాగా "పైకి పోయాడు" అనడానికి ఇక్కడ వీల్లేదు. అన్నామంటే అవతలివాడు, "నాకు లడ్డు తెమ్మని చెప్పకపోయినావా" అంటాడు. అక్కకు ఇది తెలియక కాదు. తెలిసే అంది. ఆ అక్కాతమ్ముళ్ళ నోళ్ళే అంత. సారు గనక వినుంటే ఆ రోజంతా నవ్వుకునేవాడు, మధ్యమధ్యలో దోసె ఏమైందని కూడా అడిగేవాడు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయన ఇతరులకు పెట్టిన పేర్లు కూడా రాయాలనిపిస్తుంది. వాళ్ళలో చాలామంది ఇంకా సర్వీసులో ఉన్నారు.

మా కన్సల్టెన్సీకి తిరుపతి స్టేషన్ చుట్టుపక్కల ప్రాంతానికి కొత్త ప్లాను వేసే పని వచ్చింది. రైలు దిగినవాడు ఎండలో పడకుండా బస్సెక్కాలి. బస్సు దిగినవాడు ఆటోవాడితో గొడవ పడకుండా రైలెక్కాలి. వీటన్నిటి నెత్తి మీద షాపులు, ఆఫీసులు, హోటలు గదులు రావాలి. దీన్ని మిక్స్‌డ్ యూజ్ అంటారు. ఊళ్ళో మనుషులకు సర్దిచెప్పడానికి ఒక స్థానిక పెద్దమనిషి ఉంటే మంచిదని, టౌన్ ప్లానింగ్‌లో చేసి రిటైరైన సారును సలహాదారుగా పెట్టుకున్నారు. కాఫీ తాగి తలూపుతాడని మావాళ్ళ ఆశ. కాఫీ తాగాడు. నేను చిత్తూరు దాన్ని గనక ఆయన మాట నాకర్థమవుతుందని, ఆయన్ను తెచ్చి నాకు అంటగట్టారు.

"మిక్స్‌డ్ యూజ్ అంటే ఏంది పాపా?" అని మొదటి రోజే అడిగాడు. నేను వెర్రిదాన్ని, నిజంగానే తెలియదేమో అనుకుని వివరంగా చెప్పాను. అంతా విని, "ఓహో, మా అక్క లాడ్జీ. కింద హోటలు, నడిమిన రూములు, మిద్దె మీద నేను. దీనికి బెంగుళూరు నుంచి రావాల్నా మీరు?" అన్నాడు.

ఆ రోజే ఆయనతో కలిసి స్టేషన్ ముందర జాగా చూడటానికి వెళ్ళాను. నేను టేపూ, మ్యాపులూ, టోపీ తెచ్చుకున్నాను. ఆయన ఒక తువాల తెచ్చుకున్నాడు. ఆటోలకూ పూలబండికీ మధ్యన, జనం అటూ ఇటూ దాటిపోతుండగా, ఆ తువాల పరిచి దాని మీద వెల్లకిలా పడుకుని, తలకింద చేతులు పెట్టుకున్నాడు. పొట్ట ఆకాశం వైపు లేచి ఉంది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. రైళ్ళ టైముల బోర్డు చదువుతున్నట్టు పక్కకు జరిగి నిలబడ్డాను.

ఒక కానిస్టేబులొచ్చి లాఠీతో తువాల అంచు కదిపి, "పెద్దాయనా, లెయ్యి. యాడికి పోవాల నువ్వు?" అన్నాడు.

"యాడికీ పొయ్యేది లేదప్పా. సర్వే సేస్తాండా" అన్నాడు సారు. "నమ్మకం లేకపోతే ఆ బోర్డు సదువుతాండాదే, ఆ పాపను అడుగు. మా ఆఫీసే."

ఇక తప్పించుకునే దారి లేక నా కార్డు చూపించాను. కానిస్టేబులు కార్డు చూసి, పడుకున్నాయన్ను చూసి, నన్ను జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

"నిలబడి సూసేవాడు పోలీసు. కూచోని సూసేవాడు ఆఫీసరు. ఊరు తెలియాలంటే పండుకోని సూడాల" అనేది ఆయన సిద్ధాంతం. పడుకుంటే వీధి దీపం ఎవరి కళ్ళలో పొడుస్తుందో తెలుస్తుందట, కాలవ నీళ్ళు ఎవరి తలవైపు పారతాయో తెలుస్తుందట. ఆయన మాట ఎప్పుడూ నిజమయ్యేదని నేననను. సగం సర్వేలు గురకతో ముగిసేవి. ఒకసారి చలికాలంలో బస్టాండు గోడవారగా పడుకుని, ఇక్కడ పొద్దంతా నీడే, బెంచీలు వేయమన్నాడు. వేశారు. ఎండాకాలం వచ్చేసరికి వాటి మీద అప్పడాలు వేయించుకునేటట్టు ఉంది. "సూర్యుడు మాట తప్పినాడు, నేనేం సేసేది" అని చేతులు దులుపుకున్నాడు.

ఆయనది పాకాల. లోకంలో అసలైన జంక్షన్ పాకాల ఒకటేనని, తక్కినవన్నీ స్టేషన్లేనని ఆయన నమ్మకం. మా ఆఫీసులో ఇంటర్‌చేంజ్ అనే మాట వినపడితే చాలు, "పాకాలలో దిగి రైలు మారినోడికి ఓపిక వస్తాది. మీ ఇంటర్‌చేంజిలో మారితే ఏమొస్తాది? ఐస్‌క్రీము వస్తాది" అనేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే ప్లాను పాసు కాలేదన్నాడు.

ఆయన చాదస్తాల్లో నన్ను ఎక్కువగా వేధించింది "పైన" అనే మాట. మా డ్రాయింగుల్లో "పై అంతస్తు" అని ఉంటే ఎర్ర పెన్సిలుతో కొట్టేసి "మిద్దె" అని రాసేవాడు. "ఈ ఊళ్ళో పైన అనే మాటకు ఓనరు ఉండాడు పాపా. ఆయన్ను అడగకుండా వాడుకోగూడదు" అనేవాడు. మా ఆఫీసులో దీన్ని ఎవరూ లెక్కచేయలేదు. నేనూ లెక్కచేయలేదు. ముసలాయన చాదస్తం అనుకున్నాం.

కొత్త స్టేషన్ ఎలా ఉంటుందో చూపించే రంగుల బొమ్మలు బెంగుళూరు నుంచి వచ్చిన రోజు కూడా చెప్పాలి. బొమ్మలు వేసే ఆయన మంచి పనివాడే. అద్దాల గోడలు, చెట్లు, ఫౌంటెను, వాటి ముందు నడిచే జనం. ఆ జనంలో బంగారు రంగు జుట్టున్న ఒక పొడుగాటి ఆమె, చిన్న గౌను వేసుకుని, కుక్కను పట్టుకుని నడుస్తోంది. సారు కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ యమ్మ ఎవురు?"

"ఎవరూ కాదు సార్. బొమ్మలో జనం ఉండాలని పెడతారు" అన్నాను.

"కుక్కను పట్టుకోని కొండకు పోతాదా? పోనీలే, ఆమె ఇష్టం. గుండు యాడుండాది?"

"ఏ గుండు సార్?"

"ఏ గుండు అంటావేంది పాపా? తిరుపతి స్టేషను బొమ్మలో ఒక్క గుండు లేదు. ఇది ఏ ఊరి స్టేషను? దిగేవాళ్ళలో జుట్టుండొచ్చు, ఎక్కేవాళ్ళలో ఎట్లుంటాది?"

ఫోనులో బొమ్మలాయనకు చెప్పాను. తమ దగ్గరున్న మనుషుల బొమ్మల్లో గుండ్లు లేవన్నాడు. "లేకపోతే ఈడికి రమ్మను. సాయంత్రానికి కావాల్సినన్ని దొరుకుతాయి" అని సారు పక్కనుంచి కేకేశాడు. బొమ్మలాయనకు ఒళ్ళు మండింది. మర్నాడు పంపిన బొమ్మలో అందరికీ గుండు కొట్టేశాడు. గౌను వేసుకున్న ఆమెకు కూడా. కుక్కకు కూడా కొట్టాడని సారు ప్రమాణం చేసి చెప్పేవాడు. మార్చడానికి టైము లేక అదే బొమ్మను మీటింగులో, ఈ ప్రాజెక్టు చూసే పెద్దాఫీసరు ముందు పెట్టాం. ఆయన దాన్ని తల ఒకపక్కకు వంచి, తర్వాత ఇంకోపక్కకు వంచి చూసి, "గ్రీనరీ బాగుంది" అన్నాడు.

ఇన్ని వేళాకోళాల కింద సారుకు నిజంగా కావలసింది ఒకటే ఉండేది. స్టేషన్ ఎదుట, మా ప్లానులో షాపుల వరస రావలసిన చోట, ఒక పెద్ద అరుగు. కప్పు ఉండాలి, చుట్టూ గోడ ఉండకూడదు, బెంచీలు ఉండకూడదు, నున్నటి నేల ఉండాలి. రైలు దిగి గది దొరకనివాళ్ళు, గది తీసుకోలేనివాళ్ళు, దర్శనం అయి తిరుగు రైలు కోసం చూసేవాళ్ళు అక్కడ నడుం వాల్చాలి, లాఠీతో ఎవరూ లేపకూడదు. ఇప్పుడు వాళ్ళంతా ఆరుబయట, దుమ్ములో, వానొస్తే లేచి పరిగెత్తుతూ పడుకుంటున్నారు. మీటింగులో ఎప్పుడు ఈ మాటెత్తినా పెద్దాఫీసరు, "వెయిటింగ్ హాలు ఉంది కదా" అనేవాడు. "అది కాసుకోని కూచునేదానికి సార్. నేనడిగేది పండుకునేదానికి" అని సారు జవాబు. ఆ మాట దగ్గర మీటింగు ఎప్పుడూ టీకి లేచేది.

ఈ అరుగుకు అసలు విరోధి ఆఫీసరు కాదు, ఆయన అక్కే. స్టేషనుకు ఎదురుగా ఉన్న పాత లాడ్జీ ఆమెది. మొగుడు పోయాక ఒంటిచేత్తో నడిపింది. తల్లి పోయినప్పుడు పాకాల నుంచి ఈ తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చి, ఆ లాడ్జీలోనే పెంచి, చదివించింది. రిటైరయ్యాక కూడా ఆయన మకాం ఆ మిద్దె మీద గదే. ఒకరోజు మధ్యాహ్నం నన్ను అక్కడికి భోజనానికి తీసుకెళ్ళాడు. అక్క సంగటి ముద్దలు వడ్డించి, పక్కన ఊరిబిండి, అంటే మావైపు రోటి పచ్చడి, వేసి, మా ఎదురుగా కూర్చుంది. ఆ ఊరిబిండి గురించి రాస్తే ఈ వ్యాసం ఇంకో దారి పడుతుంది.

"పాపా, సదువుకున్నదానివి, నువ్వే సెప్పు" అంది నాతో. "ఫోనులో రూము పట్టుకునేవోడు నా తావకు రాడు. వాడికి ఏసీ కావాల, లిఫ్టు కావాల. రైలు దిగి సంచి భుజానేసుకోని నడిసొచ్చేవోడే నాకు దేవుడు. వాణ్ణి మీరు రోడ్డు దాటకముందే అరుగు మీద పండుకోబెడితే నేను యాడికి పోవాల?"

ఆమె అన్నది నిజం. సారు మాత్రం ముద్ద మింగి, "నీ రూముల్లో నల్లులకైనా రొంత విశ్రాంతి దొరకనీ అక్కా" అన్నాడు.

"ఒరే, నా మిద్దె మీద తిని పండుకోని, నా పొట్ట కొట్టే ప్లాను గీస్తాండావా? ఆ అరుగు గీసిన రోజు ఈ మిద్దె ఎక్కొద్దు."

"గీసినాక కదక్కా. ఇంగో ముద్ద ఎయ్యి" అన్నాడు. ఆమె తిట్టుకుంటూనే వేసింది.

అరుగు అట్లా మాటల్లోనే మిగిలిపోయేది. దాన్ని కాగితం మీదికి తెచ్చింది మా ఆఫీసు పెట్టిన ఒక బోర్డు. స్టేషన్ పక్కన కార్ల పార్కింగు కోసం ఒక కట్టడం సగం లేచి ఉంది. జనం ఎటు నడుస్తారో చూద్దామని, దాని మెట్ల దగ్గర తాత్కాలికంగా బాణం గుర్తుతో ఒక బోర్డు పెట్టించారు. "పై అంతస్తుకు" అని రాయాలి. అక్షరాలు పట్టలేదని "పైకి" అని మాత్రం రాశారు. ఆ వారం సారు పాకాలలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళి ఉన్నాడు.

మర్నాడు పొద్దున రైలు దిగినవాళ్ళు బోర్డు చూశారు. తిరుపతిలో దిగి, "పైకి" అనే మాట చూసి, పక్కన మెట్లు చూస్తే మనిషి ఏం చేస్తాడు? గోవిందా గోవిందా అనుకుంటూ ఎక్కాడు. వాళ్ళ వెనక వాళ్ళు, వాళ్ళ వెనక ఇంకొకళ్ళు. కాలినడకన కొండ ఎక్కేవాళ్ళు ప్రతి మెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టి మొక్కుకుంటారు కదా, పార్కింగు మెట్లకూ పెట్టారు. నేను వెళ్ళేసరికి కర్పూరం వెలుగుతోంది. మొదటి మెట్టు దగ్గర ఎవరో కొబ్బరికాయ కూడా కొట్టారు. ఆ కట్టడానికి అంత మర్యాద అంతకు ముందు జరగలేదు, ఇక జరగబోదు.

మెట్ల చివర దేవుడు లేడు. విశాలమైన సిమెంటు నేల, నెత్తి మీద కప్పు, నాలుగు వైపులా గాలి. జనం కాసేపు అటూ ఇటూ చూసి, దుప్పట్లు పరుచుకుని పడుకున్నారు. నేను వెంటనే సారుకు ఫోన్ చేశాను. ఆయన పెళ్ళి భోజనం వదిలేసి వచ్చాడు. మెట్లెక్కి, కుంకుమ చూసి, బోర్డు చూసి, గోడ పట్టుకుని నవ్వాడు. తర్వాత తువాల తీసి, వాళ్ళ మధ్యలో తనూ పడుకున్నాడు.

తడ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ఆయన్ను తట్టి, "సామి యాడప్పా?" అని అడిగింది.

"ఇంగా రొంత పైన ఉండాడవ్వా. బస్సెక్కాల. తొందరేం లేదు, ఆయన యాడికీ పోడు. రొంతసేపు పండుకో" అన్నాడు.

సరిగ్గా అప్పుడే పెద్దాఫీసరు తనిఖీకి వచ్చాడు. వరసలు వరసలుగా మనుషులు, సంచులు, పిల్లలు. వాళ్ళ నడుమ మా సలహాదారు.

"ఎవరు వీళ్ళంతా? ఇక్కడ కార్లు పెట్టాలి" అన్నాడు ఆఫీసరు.

"పెట్టండి సార్. రొంత మెల్లంగా పెట్టండి, పిల్లోళ్ళు నిద్రపోతాండారు" అన్నాడు సారు, లేవకుండానే. "కింద పండుకునే తావు సూపించకపోతే వీళ్ళు యాడ కప్పుంటే ఆడికి పోతారు. ఈ పొద్దు మీ పార్కింగు. రేపు మీ ఆఫీసు వరండా."

ఆ వరండా మాట పనిచేసింది. బోర్డు ఆ క్షణమే పీకించి, సారు చెప్పినట్టే కింద అరుగు గీయమని, జనం నుంచి అభ్యంతరాలు వస్తే అప్పుడు చూద్దామని ఆఫీసరు నాతో చెప్పాడు. నేను ఆ రోజే గీశాను. నా జన్మలో అంత ఇష్టంగా ఒక ఖాళీ జాగా గీయలేదు.

అభ్యంతరాలు రాకుండా ఎలా ఉంటాయి? లాడ్జీల వాళ్ళంతా ఏకమయ్యారు. వాళ్ళ తరఫున మాట్లాడేది ఎవరంటే అక్క. సభ ఒక కళ్యాణమండపంలో పెట్టారు. ముందు రోజు పెళ్ళి తాలూకు అరటి బోదెలు ఇంకా తీయలేదు. వేదిక మీద కుర్చీలు కూడా అవే, ఎర్ర మఖమలు, బంగారు రంగు చేతులు. పెళ్ళికొడుకు కుర్చీలో పెద్దాఫీసరు కూర్చున్నాడు. పక్కన పెళ్ళికూతురి కుర్చీలో సారు.

అక్క మైకు అందుకుంది. "అయ్యా, ఆ పెండ్లికూతురి కుర్చీలో కూచోనుండాడే, ఆయన్ను ఒక మాట అడగాల."

"అడగండమ్మా" అన్నాడు ఆఫీసరు.

"ఏమప్పా సలహాదారూ, నువ్వు యాడ పండుకుంటాండావు?"

"నీ లాడ్జీ మిద్దె మీదక్కా" అన్నాడు సారు.

"బాడుగ ఇస్తాండావా?"

"లేదు."

"ఎప్పట్నుంచి?"

"నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచి."

మండపం ఘొల్లుమంది. ఆమె నవ్వలేదు. "సూడండయ్యా. ఊరికే పండుకోనిస్తే మనిషి ఎట్లా తయారవుతాడో సూసుకోండి. ఇట్లాంటి సోమరిపోతులను ఇంగా తయారుసేసేదానికా మీరు అరుగు కట్టేది?"

లాడ్జీల వాళ్ళు చప్పట్లు కొట్టారు. సారు మైకు తీసుకున్నాడు. ఆయన ఏదో వెటకారం వదులుతాడని నేను సిద్ధంగా ఉన్నాను.

"ఆమె సెప్పింది నిజమే" అన్నాడు. "పరాయి ఊర్లో తలకాయ వాల్చితే ఎవురూ లేపకుండా ఉంటే ఎట్లుంటాదో నాకు తెలుసు. మా అక్క ఉండాది గాబట్టి తెలుసు. రైలు దిగినోళ్ళందరికీ ఈ ఊర్లో అట్లాంటి అక్క ఉండదు గదయ్యా. అందుకే అడిగినా."

అక్క, "మాటలు బాగా నేర్సినాడు" అని మైకు పక్కవాడి చేతిలో పెట్టి కూర్చుంది. అభ్యంతరం మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆఫీసరు దాన్ని అలాగే ఉంచి, తీర్పు వచ్చే సభలో అన్నాడు. ఒకే లాడ్జీకి అక్కాతమ్ముళ్ళు వేరువేరు ఆటోల్లో వెళ్ళారు.

మిద్దె ఎక్కొద్దని ఆమె అనలేదు. అంతకన్నా పెద్ద శిక్ష వేసింది. మాట్లాడటం మానేసింది. పొద్దున ఆమె మిద్దె మీదికి తెచ్చిచ్చే కాఫీ ఆగిపోయింది. సారు నా టేబులు దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. "సంగటి పంపిస్తాండాది పాపా, ఊరిబిండి లేకుండా. మనిషిని సంపేదానికి ఇంతకన్నా ఏం కావాల?" అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఆయనా నవ్వేవాడు. కానీ మనిషి తగ్గాడు. సైటుకు పోదాం రమ్మంటే తువాల లేకుండా వచ్చి నిలబడేవాడు.

ఒకరోజు అరుగు గీసిన కాగితం తెప్పించుకుని, దానికి అడ్డంగా ఎర్ర పెన్సిలుతో గీత గీశాడు. సగం అరుగు, సగం మళ్ళీ షాపులు.

"ఏంది సార్ ఇది?" అన్నాను. నాకు కోపం వచ్చింది. "ఇంత పోరాడి మీరే కోస్తారా?"

"గమ్మునుండు పాపా. సగం సేస్తే అభ్యంతరం తీసేస్తాదేమో. ఆమె మాట్లాడకపోతే నాకు నిద్ర పట్టడం లేదు. ఊరందరికీ నిద్ర ఏర్పాటు సేస్తాండా, నాకే లేదు."

"మరి ఆ మాట అక్కకు చెప్పండి."

"సెప్తే గెలిసినాననుకుంటాది. సభలో సూసుకోనీ."

నా తండ్రి మీద వచ్చేలాంటి కోపమే ఆయన మీదా వచ్చింది, అంత ప్రేమా ఉంది. ఆయన చెప్పినట్టే కాగితం మార్చాను.

సభ ఇంకా జరగకముందే ఆ ఆదివారం వచ్చింది. పొద్దున అక్క తనే కాఫీ పట్టుకుని మిద్దె ఎక్కిందట, సభ తర్వాత మొదటిసారి. పిలిస్తే పలకలేదు. తన మీద అలిగి నటిస్తున్నాడనుకుని, "లెయ్యిరా, లెయ్యి, సల్లారిపోతాది" అని కాసేపు తిట్టిందట. ఈ మాట కర్మాంతరాల రోజు ఆమే నాకు చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తర్వాత అదే మండపంలో రెండో సభ జరిగింది. పెళ్ళికూతురి కుర్చీ ఖాళీగా ఉంది. అక్క వచ్చి లాడ్జీల వాళ్ళ మధ్య ముందు వరసలో కూర్చుంది. నేను ప్లాను తెర మీద చూపించాను. పెద్దాఫీసరు గొంతు సవరించుకుని, "మీ అభ్యంతరాన్ని గౌరవించి, అరుగును సగానికి తగ్గించడం జరిగింది. ఇప్పుడేమంటారమ్మా?" అన్నాడు.

అక్క తెర వైపు చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఎవురు తగ్గించింది?" అంది.

"సారే అక్కా."

"ఎందుకు?"

అంతమందిలో ఎలా చెప్పాలో తెలియలేదు. అయినా చెప్పాను. "మీరు మాట్లాడటం లేదని."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆఫీసరు, "అంటే అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నట్టేనా అమ్మా?" అన్నాడు.

"లేదయ్యా. అభ్యంతరం ఉండాది" అంది.

లాడ్జీల వాళ్ళు అమ్మయ్య అన్నట్టు తలలూపారు. ఆమె మైకు కోసం చూడలేదు. లేచి నిలబడి, తెర మీది అరుగును వేలితో చూపించింది.

"అది సాలదు. మావోడు ఒకడు కాళ్ళు సాపితేనే నిండిపోతాది."